గొట్టంలో ఆకాశం: గుంటూరుకు వచ్చిన జాన్సెన్

మన సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా వస్తున్న ఈ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ పని వాళ్లకే వదిలేసి, మన సైన్సు పుస్తకంలో పేరు లేని ఒక మనిషి జీవితం రాద్దామనుకున్నాను. వాయు నియమాల పాఠంలో బాయిల్ ఉన్నాడు, చార్లెస్ ఉన్నాడు, అవగాడ్రో ఉన్నాడు. పియెర్ జాన్సెన్ లేడు. పదో తరగతిలో చెప్పదగ్గ నియమం ఏదీ ఆయన పేరు మీద లేదు మరి. కానీ ఆ నియమాలను కంఠస్థం చేసి వదిలేయకుండా, మేస్త్రీ మూలమట్టం వాడినట్టు నలభై ఏళ్లు వాడిన మనిషి ఆయన. పైగా మనకు మరీ పరాయివాడు కూడా కాదు. మిర్యాలగూడలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే చేరే గుంటూరులో ఆయన జీవితం మలుపు తిరిగింది.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో పుట్టాడు. తండ్రి సంగీతకారుడు. పసితనంలో దాది చేతిలో జరిగిన ప్రమాదం వల్ల ఒక కాలు దెబ్బతిని, జీవితమంతా కుంటుతూనే నడిచాడు. ఆ కాలు వల్లే ఆయనకు బడి చదువు అందలేదు. బడి సంచికలో బడికి పోనివాడి కథేమిటని మన సార్లు అనుకోవచ్చు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది, అందుకని చిన్న వయసులోనే బ్యాంకులో ఉద్యోగానికి కుదిరి, ఆ జీతం మీద బతుకుతూ చదువుకున్నాడు. గణితంలో పట్టా వచ్చేసరికి 28 ఏళ్లు. ఆ తర్వాత భౌతికశాస్త్రంలో పట్టా, 1860లో డాక్టరేటు. అంటే మనవాళ్లు పిల్లల పెళ్లిళ్ల గురించి ఆలోచించడం మొదలుపెట్టే వయసులో ఆయన పరిశోధన మొదలుపెట్టాడు.

ఈ మధ్యలో 1857లో భూమి అయస్కాంత మధ్యరేఖను కొలవడానికి పెరూ వెళ్లి, జబ్బుపడి తిరిగొచ్చాడు. ఎవరైనా ఇక ప్రయాణాలు చాలనుకుంటారు. ఆయన మాత్రం తర్వాత నలభై ఏళ్లు దేశాలు తిరుగుతూనే ఉన్నాడు.

ఆయన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటుంది. సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీస్తే ఆ పట్టీలో అక్కడక్కడా సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. కాంతి దారిలో ఏదో వాయువు అడ్డుపడి, తనకు సరిపడే రంగును మింగేసిందని వాటి అర్థం. ఆ అడ్డుపడ్డ వాయువు ఎక్కడిది? సూర్యుడి చుట్టూ ఉన్నదా, మన తలమీది గాలిలో ఉన్నదా? సాయంత్రం సూర్యుడు కిందికి దిగేకొద్దీ కొన్ని గీతలు ముదురుతాయి, కొన్ని మారవు. పొద్దు వాలినప్పుడు ఎండ మన గాలిలో ఏటవాలుగా, ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది. కాబట్టి ముదిరే గీతలు మన గాలివి. 1860ల మొదట్లో జాన్సెన్ ఇటలీలో, స్విట్జర్లాండ్ కొండల మీద కూర్చుని ఈ సంగతి తేల్చాడు. కానీ ఆయనకు అది సరిపోలేదు. గాలిలో ఉన్న వాటిలో ఏ వాయువు ఏ గీతను గీస్తోంది? అది తెలియాలంటే ఒక్కొక్క వాయువునూ విడిగా కాంతి దారిలో పెట్టి చూడాలి. చెంబెడు వాయువుతో అయ్యే పని కాదు. ఆకాశమంత మందం కావాలి.

వాయు నియమాలు ఇక్కడే అక్కరకొచ్చాయి. కాంతికి కావలసింది దూరం కాదు, దారిలో ఎదురయ్యే అణువుల సంఖ్య. ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం రెట్టింపు చేస్తే అదే ఘనపరిమాణంలో రెట్టింపు అణువులు పడతాయి. బాయిల్ 1662లో చెప్పినదాన్ని కొంచెం తిప్పి చదివితే వచ్చేది ఇదే. కిలోమీటరు పొడవున్న గొట్టం దొరకకపోతే వంద మీటర్ల గొట్టంలో పది రెట్ల పీడనం పెట్టు, అణువుల లెక్క ఒకటే. బాయిల్, చార్లెస్ నియమాలను కలిపి క్లపేరాన్ ఒకే సమీకరణంగా రాసింది 1834లో. అప్పటికి జాన్సెన్‌కు పదేళ్లు. మనం పీవీ ఈక్వల్ టు ఎన్నార్టీ అని ఊగుతూ వల్లెవేసిన సమీకరణం ఆయన కాలానికి కొత్త పనిముట్టు.

పారిస్‌లో లా విల్లెట్ అనే చోట పెద్ద గ్యాసు కర్మాగారం ఉండేది. ఊరి దీపాలకు బొగ్గు గ్యాసు అక్కడి నుంచి వెళ్లేది. అక్కడ 37 మీటర్ల ఇనుప గొట్టంలో 7 వాతావరణాల పీడనంతో నీటి ఆవిరి నింపి, ఒక చివర గ్యాసు దీపాలు వెలిగించి, రెండో చివర నుంచి చూశాడు. సాయంత్రం సూర్యుడిలో కనిపించే గీతలు గొట్టంలోనూ కనిపించాయి. వాటిని గీస్తున్నది మన గాలిలోని తేమ అని రుజువైంది.

మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ల దగ్గర నేను కొన్నేళ్లు పనిచేశాను. ఊక మండించి ఆవిరి పుట్టించే చోట 7 వాతావరణాలంటే నాకు అంకె కాదు, చెవికి తెలిసే చప్పుడు. అందుకని ఒక చిన్న సవరణ చేయకుండా ఉండలేను. ఆ పీడనం దగ్గర అప్పుడే పుట్టిన ఆవిరి ఆదర్శ వాయువు మాట పూర్తిగా వినదు. దాని ఉష్ణోగ్రత సుమారు 165 డిగ్రీల సెల్సియస్. సమీకరణం చెప్పినదానికంటే అది అయిదారు శాతం ఎక్కువ చిక్కగా ఉంటుంది. అణువులు ఒకదాన్నొకటి లాక్కోవడమే కారణం. నియమం ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకున్నవాడికి, ఎక్కడ కొంచెం జారుతుందో కూడా తెలియాలి. బాయిలర్ ఆపరేటరుకు ఆవిరి పట్టికలు ఇచ్చేది అందుకే.

ఇక గుంటూరు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ దక్కను మీదుగా వచ్చి బందరు దగ్గర సముద్రంలోకి దిగే దారి. ఆ దారి పొడవునా దేశదేశాల వాళ్లు దుర్భిణులు పెట్టుకుని కూర్చున్నారు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో, అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి మన వనపర్తిలో, ఇంగ్లీషువాడైన టెన్నంట్ గుంటూరులో. వనపర్తి మనకు నైరుతి దిక్కు, గుంటూరు ఆగ్నేయం. ఆ రెంటి మీదుగా నీడ పోయిందంటే ఆ పొద్దున మన వైపు పగలు మసకబారకుండా ఉండే వీలే లేదు. మన ముత్తాతల ముత్తాతలు దర్భలు వేసుకుని, వంట మానేసి ఇళ్లలో కూర్చుని ఉంటారు.

ఫ్రెంచి ప్రభుత్వం తరఫున జాన్సెన్ ఓడలో మద్రాసు దిగి, అక్కడి నుంచి తీరం వెంట పైకి వచ్చాడు. కొండలకు దగ్గరైతే మబ్బులు, సముద్రానికి దగ్గరైతే మబ్బులు, నడిమధ్య ఉన్న గుంటూరు మేలని లెక్క వేసుకున్నాడు. ఆగస్టు నెల, నైరుతి రుతుపవనాల కాలం, మబ్బుల భయం మనకు చెప్పనక్కర్లేదు. గుంటూరులో వ్యాపారం చేసే ఒక ఫ్రెంచి వర్తకుడు తన మేడ మీద చోటిచ్చాడు.

ఆ పొద్దున తొమ్మిది దాటాక చీకటి పడింది. సంపూర్ణ గ్రహణం అయిదున్నర నిమిషాలకు పైగా ఉంది. నల్లని చంద్రబింబం అంచున ఎర్రగా ఎగసే మంటల్లాంటివి కనిపించాయి. అవి అంతకుముందు గ్రహణాల్లోనూ కనిపించినవే, అవేమిటో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. సూర్యుడివా, చంద్రుడివా, కంటి భ్రమా అనే వాదన కూడా నడిచింది. జాన్సెన్ వర్ణపటదర్శిని చీలికను వాటి మీదికి తిప్పాడు. రంగుల పట్టీ లేదు. చీకటి మీద విడివిడిగా వెలిగే గీతలు. అలా వెలిగేది పలచని వేడి వాయువు మాత్రమే. ఎర్ర గీత, నీలి గీత హైడ్రోజన్‌వి. సూర్యుడి అంచున భూమికంటే ఎన్నో రెట్ల ఎత్తున ఎగసే ఆ మంటలు వాయువు మంటలని తేలిపోయింది.

అక్కడికి వచ్చిన పని అయిపోయింది. కానీ ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అని ఆయనకు అప్పుడే తట్టింది. ఆలోచన చాలా సులువు. పగటి ఆకాశపు వెలుగును రంగులుగా విడదీస్తే అది వెడల్పుగా పరుచుకుని పలచబడుతుంది. చెంబెడు నీళ్లు వాకిట్లో చల్లితే పలచబడినట్టు. వాయువు గీత మాత్రం పరుచుకోదు, గోలీ పడ్డచోటే ఉన్నట్టు ఒకే చోట ఉంటుంది. బాగా విడదీయగల పనిముట్టు ఉంటే ఆకాశం వెలవెలబోయి గీత మిగులుతుంది. ఆ పగలు మబ్బులు కమ్మాయి. మర్నాడు, ఆగస్టు 19 ఉదయం, సూర్యుడు లేవగానే చూశాడు. గీతలు అక్కడే ఉన్నాయి. గ్రహణం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన దృశ్యం రోజూ చూడదగినదైపోయింది. సెప్టెంబరు 4 వరకు పదిహేడు రోజులు గుంటూరు మేడ మీద ఆయన చేసిన పని ఇదే. మంటలు ఎలా పెరుగుతున్నాయి, ఎలా కరుగుతున్నాయి అని పటాలు గీయడం.

ఫలితం చెబుతూ పారిస్ సైన్సు అకాడమీకి ఉత్తరం రాసింది కాకినాడ నుంచి, సెప్టెంబరు 19న. అది ఓడ మీద పోతుండగానే ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అక్టోబరు 20న ఇదే పద్ధతిని, గ్రహణం ఊసు లేకుండా, సొంతంగా కనుక్కున్నాడు. ఇద్దరి కబురూ అకాడమీకి ఒకే రోజు, అక్టోబరు 26న చేరింది. ఎవరు ముందు అనే తగువు పడాల్సిన చోట ఇద్దరూ స్నేహితులయ్యారు. ఇద్దరి ముఖాలూ ఉన్న పతకాన్ని ఫ్రాన్సు 1872లో వేయించింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. హీలియంను గుంటూరులో కనుక్కున్నారని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, క్విజ్ పోటీల్లో మార్కులు కూడా వేస్తారు. అది పూర్తి నిజం కాదు. ఆ రోజు పసుపు గీతను ఒకరు కాదు, చాలామంది చూశారు. మచిలీపట్నంలో పాగ్సన్ కూడా గమనించాడు. సోడియం గీత కూడా దాదాపు అక్కడే ఉంటుంది కాబట్టి అందరూ అదేననుకున్నారు. అది సోడియంది కాదని, మనకు తెలిసిన ఏ మూలకానిదీ కాదని పట్టుకున్నది లాక్యర్. హీలియం అనే పేరు అక్కడి నుంచి వచ్చింది. భూమి మీద దాన్ని ఒక యురేనియం ఖనిజం నుంచి రామ్సే బయటికి తీసింది 1895లో. గుంటూరుకు దక్కాల్సిన కీర్తి వేరే ఉంది. సూర్యుణ్ని ఏ రోజైనా చదువుకునే పద్ధతి అక్కడ పుట్టింది. నన్నడిగితే ఒక మూలకం కంటే ఒక పద్ధతి పెద్దది. పిల్లలకు ఆ మాటే చెప్పాలి.

గుంటూరు నుంచి ఆయన నేరుగా ఇంటికి పోలేదు. హిమాలయాల వైపు సిమ్లా వెళ్లి కొన్ని నెలలు పొడిగాలిలో, ఎత్తులో మళ్లీ గీతలు చూశాడు.

రెండేళ్లకు మరో గ్రహణం, 1870 డిసెంబరు 22న, అల్జీరియాలో. అప్పుడు పారిస్ చుట్టూ ప్రష్యా సైన్యం. ఊరి నుంచి చీమ కూడా బయటికి పోలేని ముట్టడి. జాన్సెన్ డిసెంబరు 2 తెల్లవారుజామున చీకట్లో, పరికరాల పెట్టెలతో, తోడుగా ఒక నావికుడితో వోల్టా అనే బెలూన్ ఎక్కాడు. వయసు 46, ఒక కాలు కుంటి. ముట్టడిలో వాడిన ఆ బెలూన్లు సుమారు 2,000 ఘనమీటర్ల బొగ్గు గ్యాసు పట్టేవి.

సార్లు తరగతిలో లెక్కగా ఇవ్వడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. నేల మీద పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం, ఉష్ణోగ్రత 15 డిగ్రీలు అనుకుందాం. బెలూన్ రెండు కిలోమీటర్లు ఎక్కిందనుకుందాం. అక్కడ పీడనం దాదాపు 596 మిల్లీమీటర్లు, ఉష్ణోగ్రత 2 డిగ్రీలు. పరమ ఉష్ణోగ్రతలోకి మార్చితే 288, 275. పీడనం తగ్గినందుకు గ్యాసు 1.275 రెట్లు పెరగాలి, చల్లబడినందుకు 0.955 రెట్లకు కుంచించుకోవాలి. రెంటినీ గుణిస్తే 2,000 ఘనమీటర్ల గ్యాసుకు సుమారు 2,435 ఘనమీటర్ల చోటు కావాలి. సంచి పట్టేది 2,000. మిగతాది ఏమవుతుంది? సంచి మూతి కట్టి ఉంటే చిరుగుతుంది. అందుకే ఆ బెలూన్లకు కింద మూతి తెరిచే ఉంచుతారు. ఎక్కుతున్నకొద్దీ గ్యాసు దానంతట అదే కారిపోతుంది. పుస్తకంలో లెక్కలన్నీ అణువుల సంఖ్య స్థిరమని చెప్పి మొదలవుతాయి. ఇక్కడ స్థిరంగా ఉన్నది ఘనపరిమాణం, మారుతున్నది అణువుల సంఖ్య. ఏది మారుతోంది, ఏది మారడం లేదు అని ముందు అడుక్కోనివాడికి సమీకరణం నోటికొచ్చినా లాభం లేదు.

పొద్దు పొడిచాక ఇంకో చిక్కు. ఎండకు సంచిలో గ్యాసు బయటి గాలికంటే వేడెక్కి, బెలూన్ చెప్పకుండా పైకి లేస్తుంది. దించాలంటే గ్యాసు వదలాలి. చల్లబడి పడిపోతుంటే ఇసుక పారబోయాలి. వదిలిన గ్యాసు రాదు, పోసిన ఇసుకా రాదు. ఆ రెంటినీ పొదుపుగా వాడుకుంటూ అయిదు గంటల్లో దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు పోయి, లువార్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో సావెనే ఊరి దగ్గర దిగాడు. అక్కడి నుంచి అల్జీరియాలో ఒరాన్ చేరాడు. గ్రహణం రోజు మబ్బు పట్టింది. ఏమీ కనిపించలేదు.

తర్వాతి పదిహేనేళ్లు క్లుప్తంగా చెబుతాను. 1874లో శుక్రగ్రహం సూర్యుడి మీదుగా పోవడాన్ని చూడటానికి జపాన్ వెళ్లి, వెంటవెంటనే ఫోటోలు తీసే ఒక పరికరం వాడాడు. సినిమా కెమెరా వంశవృక్షంలో దానికి పై కొమ్మన చోటుంది. 1875లో సయాం, 1883లో పసిఫిక్‌లో ఒక చిన్న దీవి. మధ్యలో పారిస్ పక్కన మ్యూడాన్‌లో, యుద్ధంలో కాలిపోయిన ఒక పాత రాజభవనంలో సూర్యుడి కోసమే అబ్జర్వేటరీ పెట్టించి దానికి అధిపతి అయ్యాడు.

ఆ మ్యూడాన్‌లోనే, అరవై దాటాక, ఆయన తన పాత ప్రశ్నకు తిరిగి వచ్చాడు. ఈసారి ఆక్సిజన్. సూర్యకాంతిలో ఆక్సిజన్ గీతలు కనిపిస్తాయి. అవి సూర్యుడివా, మనవా? 60 మీటర్ల ఉక్కు గొట్టం వేయించి ఆక్సిజన్‌ను పీడనంతో నింపడం మొదలుపెట్టాడు. 27 వాతావరణాల దాకా పోయాడు. ఆ 27 అంకె ఎందుకా అని నేను కాగితం మీద లెక్క వేశాను. 60ని 27తో గుణిస్తే 1,620. అంటే మామూలు పీడనంలో 1,620 మీటర్ల ఆక్సిజన్. మన తలమీది గాలి మొత్తాన్ని నేలమీది సాంద్రతకు అదిమితే సుమారు 8 కిలోమీటర్ల మందం వస్తుంది. అందులో 21 శాతం ఆక్సిజన్, అంటే 1,680 మీటర్లు. గుడి ప్రాకారమంత పొడవైన గొట్టంలో ఆకాశంలోని ఆక్సిజన్ అంతా వచ్చి కూర్చుంది.

1889లో ఐఫెల్ టవర్ లేచింది. అందరూ దాన్ని చూడటానికి పోతే, జాన్సెన్ దాని మీది విద్యుద్దీపాన్ని మ్యూడాన్ నుంచే చూశాడు. మధ్య దూరం సుమారు 7,700 మీటర్లు. అందులో 21 శాతం 1,617 మీటర్లు. గొట్టం, టవరు, ఆకాశం, మూడు లెక్కలూ ఒకటే. దీపంలో ఆక్సిజన్ లేదు, అయినా నడినెత్తి సూర్యుడిలో కనిపించేంత గట్టిగానే గీతలు కనిపించాయి. గీతలు గీసింది మన గాలే.

గొట్టంతో ఆయనకు ఇంకో సంగతి దొరికింది. సన్నని గీతలు పొడవు, పీడనాల లబ్ధాన్ని బట్టి ముదురుతున్నాయి. కానీ మసకగా ఉండే కొన్ని వెడల్పాటి పట్టీలు అలా లేవు. పీడనం రెట్టింపు చేస్తే అవి నాలుగింతలు ముదురుతున్నాయి. సాంద్రత వర్గాన్ని బట్టి పెరుగుతున్నాయన్నమాట. ఎందుకో తర్వాతి తరాలు చెప్పాయి. ఆ పట్టీలను గీసేది ఒంటరి అణువు కాదు, ఢీకొంటున్న జంట. సాంద్రత రెట్టింపైతే అణువులు రెట్టింపు, ఒక్కోదానికి ఎదురయ్యేవీ రెట్టింపు. ద్రవ ఆక్సిజన్ లేత నీలంగా కనిపించడానికీ కారణం ఇదే. ఆయన పేరు మీద నియమం ఏదైనా ఉందంటే ఇదే.

ఈ గొట్టం లెక్క పాత కాలపు ముచ్చట అనుకోవద్దు. 2021 వేసవిలో మనలో చాలామందికి ఇదే లెక్క ప్రాణసంకటమైంది. నేను ఇంజనీరునని తెలిసిన పాత మిత్రులు, సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి, రాత్రీ పగలూ ఫోను చేసి అడిగింది ఒక్కటే: తెచ్చిన సిలిండరు ఎంతసేపు వస్తుంది? పెద్ద సిలిండరు లోపలి చోటు సుమారు 47 లీటర్లు. నిండుగా ఉంటే గేజి 150 చూపిస్తుంది. 47ని 150తో గుణిస్తే 7,000 లీటర్లు, దుకాణంవాడు ఏడు క్యూబిక్ మీటర్లనేది అదే. గేజి 100 చూపిస్తుంటే 4,700 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు వదిలితే 470 నిమిషాలు, ఎనిమిది గంటలు కూడా రాదు. 5 లీటర్లైతే పదిహేను గంటలు దాటుతుంది. ఆక్సిజన్ అంత పీడనం దగ్గర ఆదర్శ వాయువుకంటే కొంచెం ఎక్కువే పడుతుంది, కానీ మంచం మీద మనిషి ఉన్నప్పుడు తక్కువ వైపు లెక్క వేసుకోవడమే మేలు. ముల్లు 30 దగ్గరికి రాకముందే రెండోది ఇంట్లో ఉండాలని కూడా చెప్పేవాణ్ని. ఫోను చేసినవాళ్లలో సైన్సు పట్టాలున్నవాళ్లూ ఉన్నారు. సమీకరణం అందరికీ వచ్చు. సిలిండరు ఎదురుగా ఉన్నప్పుడు దాన్ని ఎక్కడ ఆనించాలో తెలియలేదు.

పని కోసం వచ్చే కొత్త పిల్లలను నేను అడిగే ప్రశ్న ఒకటుంది. కోదాడ రోడ్డు మీద టైర్ల షాపులో పొద్దున 27 డిగ్రీల దగ్గర లారీ టైరుకు 110 పౌండ్ల గాలి కొట్టారు, మిట్టమధ్యాహ్నం టైరు 67 డిగ్రీలకు వేడెక్కింది, గేజి ఎంత చూపిస్తుంది? కొందరు 67ను 27తో భాగించి 273 అంటారు. అదే నిజమైతే హైవే మీద ఒక్క లారీ నడవదు. కొందరు పరమ ఉష్ణోగ్రతకు మార్చి, 110ని 340తో గుణించి 300తో భాగించి 125 అంటారు. నయం. కానీ గేజి సున్నా చూపించినప్పుడు కూడా టైరులో ఒక వాతావరణం, అంటే దాదాపు 15 పౌండ్లు, ఉంటుంది. దాన్ని కలిపి లెక్క చేసి మళ్లీ తీసేస్తే సుమారు 127. తేడా రెండు పౌండ్లే. కానీ ఆ రెండు పౌండ్లు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పిన పిల్లకు ఉద్యోగం ఇప్పించాను. మన జిల్లా పిల్లే.

జాన్సెన్ చివరి పెద్ద పని మోంబ్లా శిఖరం. గాలి తగ్గేకొద్దీ ఆక్సిజన్ గీతలు ఆ లెక్కన తగ్గాలి, చూసి తీరాలన్నాడు. 1888లో మూడు వేల మీటర్ల దాకా వెళ్లాడు. 1890లో, 66 ఏళ్ల వయసులో, శిఖరానికే పోయాడు. 4,800 మీటర్లు. నడవలేడు కాబట్టి మంచుబండి మీద కూర్చోబెట్టి కొండ గైడ్లు లాగారు. శిఖరం మీద పీడనం నేలమీద ఉన్నదానిలో సగం కంటే కొద్దిగా ఎక్కువ. ఒక్కో శ్వాసలో దొరికే ఆక్సిజనూ అంతే. పైకెక్కినవాళ్లు ఆయాసంతో, తలనొప్పితో ఆలోచించలేని స్థితిలో ఉంటే తనకు బుర్ర చురుగ్గానే పనిచేసిందని, ఒంటికి శ్రమ లేకపోవడమే కారణమని ఆయన రాసుకున్నాడు. గీతలు తగ్గాయి.

ఊరుకోలేదు. శిఖరం మీదే అబ్జర్వేటరీ కట్టాలన్నాడు. ఐఫెల్ పూనుకుని పునాదికి రాయి ఎక్కడ తగులుతుందోనని మంచులోకి సొరంగం తవ్వించాడు. రాయి తగల్లేదు. సివిల్ ఇంజనీరు ఎవడైనా అక్కడ ఆపేస్తాడు, ఐఫెల్ కూడా ఆపేశాడు. జాన్సెన్ గట్టిపడ్డ మంచు మీదే కొయ్య కట్టడం లేపించాడు, 1893లో. మంచు కదిలితే సరిచేయడానికి కింద జాకీలు పెట్టించాడు. 1895లో 71 ఏళ్ల వయసులో మరోసారి పైకి పోయి చూసి వచ్చాడు.

ఆ గీతల మీద ఆధారపడి సూర్యుడిలో ఆక్సిజన్ లేదని ఆయన నమ్మాడు. గీతలు మన గాలివన్నది నిజం. సూర్యుడిలో ఆక్సిజన్ లేదన్నది నిజం కాదు. ఆ వేడిలో ఆక్సిజన్ జంటలుగా ఉండలేదు, విడి పరమాణువులై వేరే చోట వేరే గీతలు గీస్తుంది. హైడ్రోజన్, హీలియం తర్వాత సూర్యుడిలో ఎక్కువగా ఉన్నది ఆక్సిజనే. ఆయన గొట్టంలో ఆకాశం పట్టింది కానీ సూర్యుడి వేడి పట్టలేదు.

1907 డిసెంబరు 23న మ్యూడాన్‌లో చనిపోయాడు, 83 ఏళ్లు. అబ్జర్వేటరీని అప్పటికే మంచు కొంచెం కొంచెం మింగుతోంది. రెండేళ్ల తర్వాత, 1909లో, దాన్ని విప్పేశారు.